కంచికచర్లలో దిగాల్సిన నాలుక

నా చిన్నప్పుడు నాకు దక్కాల్సిన ఒక వాక్యాన్ని లాక్కుని ఇంకొకరికి ఇచ్చేశారు. అరవై ఏళ్ళయినా నేను దాన్ని మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశమూ లేదు.

జగ్గయ్యపేటలో మా చర్చిలో క్రిస్మస్ నాడు పిల్లలు ఒక్కొక్కరే ముందుకొచ్చి కంఠత వాక్యం చెప్పాలి. నాకిచ్చింది గొర్రెల కాపరుల వాక్యం. అందులో 'వాళ్ళు', 'వెళ్ళి' ఉన్నాయి. నా నోట అవి 'వాల్లు', 'వెల్లి' అయ్యేవి. సండేస్కూలు టీచరమ్మ రెండుసార్లు చెప్పించి, నాలుక తిరగని పిల్లని నిలబెడితే నవ్వుతారని, ఆ వాక్యాన్ని తన అక్క కూతురికి ఇచ్చేసింది. ఆ పిల్ల ఎవరి కూతురో ఎవరూ పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నాను.

ఇంటికొచ్చి పెరట్లో పంతంగా దాన్నే వల్లిస్తుంటే గోడ అవతల పక్కింటి అక్క కిసుక్కున నవ్వింది. వాళ్ళ నాన్న విజయవాడ బస్సు నడిపేవారు. ఆమె టీచరు ట్రైనింగు చదువుతుండేది. మర్నాడు ఆమే బెల్లం ముక్క పట్టుకుని పిలిస్తే నాకు నమ్మకం కుదరలేదు. నవ్విన మనిషి బెల్లం ఎందుకు పెడుతుంది? టీచరమ్మ పంపిందేమో. తన స్నేహితురాళ్ళ ముందు నాతో మళ్ళీ చెప్పించి నవ్విద్దామనేమో. ముందు నువ్వు తిను అన్నాను. తిన్నది. తలుపు వెనక ఎవరైనా దాక్కున్నారేమోనని చూశాను. ఎవరూ లేరు.

అక్క నన్ను కూర్చోబెట్టి క అనమంది. గొంతు దగ్గర పుట్టింది. చ అంగిట్లో పుట్టింది. ట నాలుక వెనక్కి మడిస్తేనే వచ్చింది, త పళ్ళకు తగిలి వచ్చింది, ప పెదాల మీద పలికింది. అక్షరాలు ఊరికే ఆ వరసలో లేవని, గొంతులో బయల్దేరి పెదాల దాకా వస్తాయని చెప్పింది. నేను నమ్మక నాలుగుసార్లు అని చూసుకున్నాను. నిజమే. బడిలో ఏళ్ళ తరబడి అవే దిద్దించినవాళ్ళు ఒక్కరూ ఈ ముక్క చెప్పలేదు. అది ఇంకో అన్యాయం.

"జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల, ఇబ్రహీంపట్నం, బెజవాడ. మా నాన్న బస్సు ఆగే వరసే అనుకో. ళ కంచికచర్లలో దిగాలి, ట దిగే చోటే. నువ్వు నిద్దరపోయి, త దిగే ఇబ్రహీంపట్నం దాకా పోతన్నావే."

బెల్లం నలిపి, ట అన్నప్పుడు నాలుక తగిలే చోట నా అంగిట్లో అంటించింది. నాలుక మడిచి ఆ తీపి అందుకుంటూ పలకమంది. మూడోసారికి ళ వచ్చింది. నిన్న ఎందుకు నవ్వావని అప్పుడడిగాను.

"నీ ఈడులో నేనూ అట్టాగే అనేదాన్ని. మా అమ్మ ఇట్టాగే బెల్లం పెట్టింది. నన్ను నేనే విన్నట్టుంటే నవ్వొచ్చింది," అంది.

ఆదివారం టీచరమ్మకి చెప్పి చూపించాను. బాగానే ఉంది గానీ ఇప్పుడిక మార్చలేనంది. క్రిస్మస్ నాడు ఆ పిల్ల లేచి వాక్యం మొదలుపెట్టగానే నేనూ చాప మీద లేచి నిలబడ్డాను. మా అమ్మ నా గౌను పట్టి లాగుతున్నా, జనమంతా తిరిగి చూస్తున్నా, చివరి అక్షరం దాకా చెప్పే కూర్చున్నాను. ఒక్కరూ నవ్వలేదు.

టీచరమ్మని ఇప్పటికీ క్షమించలేదు. తీపి పట్టుకుని ఎవరు పిలిచినా ముందు తలుపు వెనక చూసే అలవాటూ పోలేదు. కానీ విజయవాడ వెళ్ళేటప్పుడు బస్సు కంచికచర్లలో ఆగగానే, నా నాలుక దానంతటదే వెనక్కి మడుచుకుని అంగిట్లో ఆ చోటు తడుముకుంటుంది.