కాలవ పడవలో నెల్లూరికి నేలవేము మూట

కృష్ణపట్నం పోవాలంటే ఇప్పుడు నెల్లూరులో కారెక్కి కూర్చుంటే చాలు, కునుకు పట్టేలోపు చేరిపోతారు. అరవైల మొదట్లో మా పల్లె నుంచి నెల్లూరు చేరడానికి ఒక పగలంతా పట్టేది. కృష్ణపట్నానికి దక్షిణంగా, బకింగ్‌హాం కాలవకూ సముద్రానికీ నడుమ ఇసుక మీద ఉండేది మా పల్లె. ఆ దారిన చాలాసార్లు పోయాను గానీ, రాయాలనిపించింది ఒక్క ప్రయాణం గురించే. మా అక్క పెంచలమ్మ తన పెరట్లో పెంచిన మందు ఆకూ వేరూ అమ్ముకోవడానికి పోతుంటే నేను తోడు వెళ్ళాను. ఇంటి దగ్గర మందు మొక్కలు వేద్దామనుకునే వాళ్ళకూ, ఆ కాలవ గట్టు చూసి రావాలనుకునే వాళ్ళకూ కొంత పనికొస్తుందని రాస్తున్నాను.

బయల్దేరింది బావ కోసం. రమణయ్య బావకు చలిజ్వరం పట్టుకుని వదల్లేదు. రోజు విడిచి రోజు వణుకు. కడుపులో ఎడమపక్క బల్ల, అంటే ప్లీహం, పెరిగి, చెయ్యి పెడితే గట్టిగా తగిలేది. నెల్లూరు పెద్దాసుపత్రిలో చూపించమని అందరూ అన్నారు. నడవలేని మనిషిని అంత దూరం తీసుకుపోవాలి, అక్కడ ఉండాలి, మందులు కొనాలి. ఉన్న కాస్త పొలమూ ఆ ఏడు ఉప్పునీళ్ళ పాలైంది. మిగిలింది ఇంటి వెనక ఇసుక పెరడు. అందులో అక్క కంచె పొడుగునా వావిలి, ఒక పక్క వట్టివేరు, మిగతా అంతా నేలవేము వేసింది. వావిలాకు ఊళ్ళో జలుబు చేసిన వాళ్ళందరికీ ఊరికే కోసి ఇచ్చేది. వట్టివేరు ముక్క కుండనీళ్ళలో వేసేది. జ్వరానికి వాడే నేలవేము మాత్రం బావకు. పొద్దున్నే గుప్పెడు ఆకు కాచి, వడగట్టి ఇచ్చేది. మిగిలిన ఆకూ వేరూ నెల్లూరు మూలికల అంగడిలో కొంటారని విని, అవి అమ్మి ఆ వారంలోనే బావను ఆసుపత్రికి చేర్చాలని అక్క అనుకుంది.

ఆ నేలవేము అంటే అక్కకు ప్రాణం. ఇసుకలో తవ్విన నీటిగుంటను మా వైపు దొరువు అంటారు. అందులోకి దిగి కడవ ముంచి పైకి మోసుకురావాలి. వానలు ఆగిన నాటి నుంచి పొద్దునా సాయంత్రం మొక్క మొక్కకూ నీళ్ళు పోసేది. నేనూ మోశాను. వైశాఖం వచ్చేసరికి ఊరంతా ఎండి తాటాకు రంగులో ఉంటే ఆ పెరడొక్కటే పచ్చగా, ఆకులు చెయ్యంత వెడల్పు అనిపించేట్టు ఉండేది. పూత మొదలవగానే కోసి, ఎండ తగలకుండా చావట్లో ఆరబెట్టింది. రంగు పోలేదు.

బయల్దేరిన రోజు ఇంకా తెల్లవారలేదు. బావ దుప్పటి కప్పుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"నా కషాయం నాకిచ్చి పో. నెల్లూరోళ్ళకి మొత్తం అమ్మేసేవు," అన్నాడు.

అక్క గ్లాసు ఇచ్చింది. గడగడా తాగేసి మూతి తుడుచుకున్నాడు.

"చూడరా," అన్నాడు నాతో, "కషాయమంటే ఊళ్ళో మొగోళ్ళు గోడ దూకి పారిపోతారు. మీ అక్క చేత్తో కాస్తే మజ్జిగ తాగినట్టు పోద్ది లోపలికి. చేదే ఉండదు."

"చాల్లే సంబడం," అంది అక్క. మొహం మాత్రం వెలిగిపోయింది.

పడవ అంకయ్యది. మద్రాసులో సర్వి కట్టెలు, అదే సరుగుడు, దించేసి ఖాళీగా తిరిగి పోతోంది. కృష్ణపట్నం దాకా మనిషికి నాలుగణాలు. నయాపైసలు వచ్చి కొన్నేళ్ళయినా కాలవ మీద అణాల లెక్కే నడిచేది. మా మూటలు చూసి అంకయ్య నవ్వాడు.

"ఏందమ్మో పెంచలమ్మా, గడ్డి మోపులు కట్టుకొస్తివి. నెల్లూరులో గడ్డి కరువొచ్చిందా?"

"నీ పడవకి మేత అంకయ్యా. గాలి లేకపోతే అడుగు ముందుకి పడదు గదా దానికి."

పడవలో వాళ్ళందరూ నవ్వారు. ఆ రోజు దక్షిణపు గాలి బాగా ఉంది. తెరచాప నిండింది. ఒక పక్క ఉప్పు పండించే కయ్యలు, ఇంకో పక్క సర్వి తోపులు, నీళ్ళ మీద బురద వాసన. అక్క మూట మీద చెయ్యి వేసి కూర్చుంది. తడి తగులుతుందేమోనని రెండుసార్లు మూట జరిపింది. ఎండ చుర్రుమనే వేళకు కండలేరు ఉప్పుటేరు దాటి కృష్ణపట్నంలో దిగాం. అక్కడి నుంచి ముత్తుకూరుకు ఎద్దుబండి. బండివాడు ఇసుకలో చక్రం దిగబడ్డప్పుడల్లా మమ్మల్ని దిగమన్నాడు. ముత్తుకూరులో సద్ది మూట విప్పుకుని, చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని, మధ్యాహ్నం బస్సెక్కాం. మూటలు పైన వేస్తే కండక్టరు వాటికి వేరే చార్జీ అడిగాడు. అక్క గొడవ పడలేదు. అమ్మకం అవుతుందన్న ధీమా.

చిన్నబజారు వెనక సందులో ఉంది మస్తాన్ సాయిబు అంగడి. లోపల అడుగు పెడితే శొంఠి, పిప్పళ్ళు, ఎండు ఉసిరి అన్నీ కలిసిన వాసన. సాయిబు పెద్దమనిషి, నెమ్మదస్తుడు. ముందు వట్టివేరు మూట విప్పి, ఒక పాయ తీసి నీళ్ళలో ముంచి వాసన చూశాడు.

"ఇసక నేల వేరు. పొడుగ్గా వచ్చింది. తెరలు అల్లేవోళ్ళు అడగతానే ఉండారు. తీసుకుంటానమ్మా," అన్నాడు.

తర్వాత నేలవేము. రంగు చూసి మెచ్చుకున్నాడు. ఒక ఆకు నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలాడు. ఇంకోటి వేసుకున్నాడు.

"ఎవురు పెంచినారమ్మా ఇది?"

"నేనే సాయిబూ. మా పెరట్లోనే."

"నీళ్ళు పోసేదానివా?"

"రెండు పూటలా!" అంది అక్క. "ఎండ ఎంత కాసినా ఒక్కనాడు మానలా. మా తమ్ముణ్ణి అడుగు."

"అదేనమ్మా తంటా. ఇదేం తోటకూర కాదు గదా. నీళ్ళు తాగితే ఆకు పెరుగుద్ది, చేదు పెరగదు. ఎండకి మాడి, నీళ్ళకి మొహం వాచిపోవాల. అప్పుడే మందు."

"చేదు లేదంటావా?"

"లేదనను. ఉండాల్సినంత లేదు. దీన్ని వైద్యులకి ఇస్తే తెచ్చి నా మొహాన కొడతారు." వెనక్కి తిరిగి ఒక సంచిలోంచి రెండు ఆకులు తీసి అక్క చేతిలో పెట్టాడు. చిన్నవి, ముడుచుకుపోయి నల్లబడినవి. "రాపూరు కొండల్లో కోసింది. కొరికి చూడు."

అక్క కొరికింది. మొహమంతా ముడుచుకుపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉమ్మెయ్యమని సాయిబు సందు వైపు చెయ్యి చూపించాడు. అక్క ఉమ్మలేదు, మింగింది.

"ఇట్టా ఉంటదా సాయిబూ, నేలవేమంటే?"

"ఇట్టానే ఉంటదమ్మా."

"మా ఇంటాయన మజ్జిగ తాగినట్టు తాగేస్తాడు."

ఆ మాట అన్నాక అక్క నేలవేము మూట మళ్ళీ ముడి వేయసాగింది. సాయిబు తల ఎత్తి చూశాడు.

"ఆయనకి ఏం జబ్బు? ఎన్నాళ్ళుగా ఇస్తా ఉండావు?"

నేనే చెప్పాను, చలిజ్వరమని, బల్ల పెరిగిందని, కార్తీకం నుంచి ఇస్తున్నామని. సాయిబు ఆ కొండ ఆకే గుప్పెడు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు. "ఇది జ్వరం మొదట్లో కాచుకునే ఆకు. బల్ల దాకా వచ్చిందంటే దీన్ని నమ్ముకుని కూర్చోబాకండి. ముందు ఆసుపత్రికి తోలుకపోండి," అన్నాడు.

ఆ రాత్రి సత్రంలో పడుకుని మర్నాడు తిరుగుముఖం పట్టాం. వట్టివేరు డబ్బు బావను తీసుకురావడానికి సరిపోతుంది, అంతే. నేలవేము మూట మాతోనే తిరిగొచ్చింది. పడవకు ఎదురుగాలి. మనుషులు గట్టు మీద తాడు పట్టుకుని లాగుతుంటే కదులుతోంది. అంకయ్య మూట చూడనే చూశాడు.

"ఏందమ్మా, మేత మళ్ళీ తెచ్చినావే? పెట్టు మరి, పడవ ఆకలిమీద ఉండాది."

అక్క కాలవ వైపు చూస్తూ ఉండిపోయింది. అంకయ్య నా మొహం చూసి మాట మార్చి, తాడు లాగేవాళ్ళను కేకలేశాడు.

మర్నాడు పొద్దున సాయిబు ఇచ్చిన ఆకు కాచింది. బావ అలవాటు కొద్దీ గ్లాసు ఎత్తి ఒక గుక్క వేసి ఆగిపోయాడు.

"ఏందే ఇది, విషం! చెయ్యి మార్చినావా?"

"నీళ్ళు తక్కువైనాయిలే. తాగు," అంది అక్క.

ఆ వారంలోనే బావను అదే పడవలో పడుకోబెట్టి తీసుకుపోయాం. ఆసుపత్రిలో మాత్రలు ఇచ్చారు, సూదులు వేశారు. ముందే తీసుకురావాల్సింది అన్నారు. ఆ ఏడు వానలు మొదలయ్యేసరికి బావ పోయాడు. తర్వాత కూడా అక్క వట్టివేరు పెంచి సాయిబుకే అమ్మింది, దానితోనే బతికింది. నేలవేము మళ్ళీ వేయలేదు. అమ్ముడుపోని ఆ మూటను మాత్రం పారేయలేదు. రోజూ పొద్దున్నే గుప్పెడు కాచుకుని, జ్వరమేమీ లేకుండానే తాగేది. మూట అయిపోయేదాకా తాగింది. ఒకరోజు అడిగాను.

"చేదుగా ఉందా అక్కా?"

"చేదేరా," అంది.

ఇప్పుడు ఆ కాలవలో పడవలు లేవు. చాలాచోట్ల తూటికాడ అల్లుకుపోయి నీళ్ళు కనబడవు. ముత్తుకూరు నుంచి పోయేవాళ్ళు ఎండెక్కకముందే చూసుకుని రావడం మంచిది, నీడ దొరకదు. ఆ గట్టు మీద నిలబడితే నాకు అక్క మూట జరుపుకుంటూ కూర్చోవడమే కనిపిస్తుంది. ఆకు ఎంత చేదుగా ఉన్నా ఆ జ్వరం తగ్గేది కాదని అక్కకు చాలాసార్లు చెప్పాను. అవునురా అనేది. నమ్మిందో లేదో తెలియదు. ప్రేమగా పోసిన నీళ్ళు కదా, వాటిని ఏమని తప్పుపట్టగలం? నాకే ఇంతవరకూ తేలలేదు.

ఇంట్లో నేలవేము వేసుకునే వాళ్ళకు ఒక్కమాట. మొక్క నిలదొక్కుకున్నాక నీళ్ళు తగ్గించండి, కోసే ముందు ఒక ఆకు కొరికి చూసుకోండి. జ్వరంతో ఉన్న మనిషి మీ కషాయం తాగి చేదే లేదని మెచ్చుకుంటే సంతోషపడకండి. ఆ రోజే ఆసుపత్రికి బయల్దేరండి.