మందు కొట్టని సాలు

నిన్న మధ్యాహ్నం ల్యాబులో ఒక అమ్మాయి ఊడిపోయిన తీగను సోల్డరింగ్ చేస్తుంటే పేస్టు కాలిన పొగ నా ముక్కుకు తగిలింది. కొంచెం తియ్యగా, కొంచెం కళ్ళు మండించేలా ఉండే వాసన. అది తగిలితే చాలు, నేను వెనక్కి తిరిగి చూస్తాను, మస్తాన్ వలిగారు బల్ల ముందు కూర్చుని ఉన్నారేమోనని. ఆయన పోయి ఏళ్ళయింది. అయినా తిరుగుతాను. అలా తిరిగినప్పుడే, ఆ అమ్మాయి రికార్డులో తను వేసుకున్న అంకెను రబ్బరుతో చెరిపేస్తుండటం కనిపించింది. ఎందుకని అడిగితే, "మీరు బోర్డు మీద వేసినదాంతో కలవలేదు మేడం" అంది భయంగా. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు ఆయన గురించి చెప్పాలి.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా ప్రత్తిపాడు వచ్చినప్పుడు మస్తాన్ వలిగారు మా పక్కింటాయన. అప్పటికే అరవై దాటాయి. సగం జీవితం మైకుసెట్టుతో గడిపారు. పెళ్ళికైనా, తిరునాళ్ళకైనా, ఉరుసుకైనా, ఎన్నికల సభకైనా చుట్టుపక్కల ఊళ్ళలో ఏ గొంతు గట్టిగా వినిపించినా అది ఆయన పెట్టెల్లోంచి వచ్చిందే. తర్వాత కుర్రాళ్ళు గోడంత స్పీకర్లు దించారు. ఈయన మైకు గొట్టాలు అటకెక్కాయి. ఆయన మాత్రం వసారాలో బల్ల వేసుకుని టార్చిలైటు నుంచి టీవీ దాకా ఏది తెస్తే అది బాగుచేస్తూ ఉండేవారు.

ఆయన్ని మొదట చూసింది మా కాలేజీలోనే. మీటింగు రోజున మైకు గుయ్యిమంటుంటే ప్రిన్సిపాల్‌గారు ఆయన్ని పిలిపించి, "ఎందుకయ్యా ఆ మోత?" అన్నారు. "తెలీదండి" అన్నారీయన, అంతమంది ముందు, ఏ మాత్రం నామోషీ లేకుండా. సాయంత్రానికి మోత ఆగిందనుకోండి. కానీ నా మనసులో నిలిచింది ఆ మాటే. మా నాన్న హెడ్మాస్టరు. మా ఇంట్లో 'తెలీదు' అనడం బూతుమాట కింద లెక్క. తెలియకపోతే గొంతు పెంచాలి. అదే నాకూ అబ్బింది. తెలీదని చెప్పుకునే మనిషిని రిపేరుకి ఎందుకు పిలుస్తారో ఆ రోజు నాకు బోధపడలేదు.

సెల్‌ఫోన్లు ఊరంతా వచ్చేసి, గుంటూరులో ల్యాప్‌టాప్‌లు పాతబడటం మొదలైన రోజుల్లో నాగేంద్రమ్మ ఆయన దగ్గరికి వచ్చింది. ఎకరంన్నర మిరప వేసుకున్న ఒంటరి మనిషి. ట్రాక్టరు మీంచి పడి కుడిభుజం పాడైంది. మందు కొట్టే ట్యాంకు వీపున మోయగలదు గానీ చేత్తో పిడి కొట్టలేదు. "మనిషి కోసం తిరుగుతుంటే నాలుగు రోజులు పోతున్నాయన్నా. ఆ నాలుగు రోజులూ పురుగు ఆగదుగా! పిడి కొట్టకుండా పోసే ఉపాయమేదైనా చూడు" అంది. అప్పటికే తామర పురుగు కనపడింది. ఆకులు పైకి ముడుచుకుంటున్నాయి. వారం తిరిగేలోపు మందు చేనంతా పడకపోతే ఆ ఏడు ఆమెకు చేతికొచ్చేది ఏమీ ఉండదు.

ఆయన గుంటూరు వెళ్ళి పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు సంచీడు తెచ్చారు. వాటి పొట్ట కోసి, లోపలి లిథియం సెల్లుల్లో బాగున్నవి ఏరి, నాలుగు వరసలుగా కలిపి ప్యాక్ కట్టారు. దానికి చెన్నై నుంచి తెప్పించిన చిన్న బోర్డు తగిలించారు. బీఎంఎస్ అంటారు దాన్ని. ప్యాకుకి కాపలాదారు. ఏ వరసలో ఎన్ని వోల్టులున్నాయో చిన్న కిటికీలో ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తుంది. ఒక బుల్లి మోటారు పంపుని ట్యాంకుకి బిగించారు. మీట నొక్కగానే మందు సన్నగా మంచులా కురిసింది. నాగేంద్రమ్మ చిన్నపిల్లలా నవ్వింది.

మర్నాడు అంకెలు చూడమని నన్ను పిలిచారు. నేను కాలేజీ మల్టీమీటరు పట్టుకుని గొప్పగా వెళ్ళాను. అక్కణ్ణుంచి మొదలైంది గందరగోళం. బోర్డు ఒక్కో వరసా మూడు పాయింట్ ఆరు అంటుంది. మీటరు నాలుగు పాయింట్ నాలుగు అంటుంది. ఒకటి సగం నిండిందంటే ఒకటి పొంగిపోతోందంటుంది. లిథియం సెల్లు నాలుగు పాయింట్ రెండు దాటకూడదు, దాటితే నిప్పంటుకోవచ్చు. ఇది నాకు పుస్తకంలో తెలుసు.

"ఏది అబద్ధం చెబుతోందంటారు మేడంగారూ?" అన్నారాయన.

"బోర్డే. ఎక్కడో పాతసామాన్ల కొట్లో కొన్నది. ఇది కాలేజీ మీటరు."

"నాకైతే తెలీదు. పంపు మాత్రం నీరసంగా పోతోంది మరి."

"నీరసం కాదండీ, ప్రమాదం. చార్జి దించాల్సిందే" అన్నాను, మా నాన్న గొంతుతో.

ఆయన కారు బల్బు తగిలించి, నా మీటరు నాలుగు చూపేదాకా చార్జి కార్చేశారు. మర్నాడు చేలో రెండో ట్యాంకు సగంలోనే పంపు ఆగిపోయింది. తీగలు మార్చాం. మూడో వరస సెల్లులు తీసి కొత్తవి వేశాం. మళ్ళీ చార్జి పెట్టడం, మళ్ళీ నేను పొంగిపోతోందనడం, మళ్ళీ బల్బు. విచిత్రమేమిటంటే బోర్డుకీ మీటరుకీ తేడా కూడా ఒక్కలా ఉండేది కాదు, రోజురోజుకీ పెరిగేది. నాకు తల తిరిగిపోయేది. క్లాసులో పాఠం చెబుతున్నా చెవుల్లో అంకెలే. ఆయనకూ ఏమీ పాలుపోలేదు, కానీ ఆయన ఆ మాట రోజూ పైకే అనేవారు. నేను మాత్రం రోజుకో కొత్త కారణం చెప్పేదాన్ని. నాలుగు రోజులు అలా గడిచాయి.

ఐదో రోజు పొద్దున ఇద్దరం చేలోకే వెళ్ళాం. దిగువ వైపు మొక్కలు అప్పటికే ముడతపడి ముద్దయ్యాయి. నాగేంద్రమ్మ ముడుచుకున్న ఆకులు విప్పి చూసుకుంటూ ముందు నడిచింది. పై వైపు, మందు పడిన చోట, మధ్యలో ఒక్క సాలు మాత్రం పురుగు పట్టి ఉంది. అక్కడా పంపు ఆగిందా అని అడిగాను.

"ఆగలేదమ్మా. నేనే వదిలేశా."

"ఎందుకు?"

"ఇదేం ప్రశ్న పంతులమ్మా! అన్నీ కొట్టేస్తే మందు పనిచేసిందో, దానంతటదే పురుగు పోయిందో దేన్ని చూసి చెప్పను? ఒక సాలు కొట్టకుండా వదలాలిగా."

మస్తాన్ వలిగారు ఆ సాలు వంక చాలాసేపు చూశారు. తిరిగి వచ్చే దారిలో కొట్టు దగ్గర ఆగి టార్చిలైటులో వేసే కొత్త సెల్లు ఒకటి కొన్నారు. వసారాలోకి రాగానే దాన్ని నా చేతిలో పెట్టి, "దీన్ని కొలవండి మేడంగారూ. ఇదొక్కటే మనం చెయ్యి పెట్టనిది. ఎంత చూపించాలో మీకూ నాకూ తెలుసు" అన్నారు.

ఒకటిన్నర దగ్గర చూపించాలి. మీటరు ఒకటి పాయింట్ తొమ్మిది చూపించింది.

ఆయన మీటరు వెనక మూత విప్పి, లోపలున్న చిన్న బ్యాటరీని నాలుకకు ఆనించి చూసి, పక్కన పెట్టారు. అది చచ్చిపోయింది. అది నీరసించే కొద్దీ మీటరు ఉన్నదానికంటే ఎక్కువ చూపుతూ వచ్చింది. తెర మూల చిన్న బ్యాటరీ బొమ్మ అన్నాళ్ళుగా వెలుగుతూనే ఉంది. కొలుస్తున్నది బ్యాటరీనే కదా, అందుకే ఆ బొమ్మ పడుతోందనుకున్నాను. ఎమ్మెస్సీ ఫిజిక్స్, ఫస్టు క్లాసు! కొత్తది వేసి ప్యాకుని కొలిస్తే బోర్డు ఏ అంకె చెబుతోందో మీటరూ అదే చెప్పింది. బోర్డు మొదటి నుంచీ నిజమే చెబుతోంది. ఆకలితో ఉన్న ప్యాకుకి నేనే అజీర్తి అని లంఖణాలు పెట్టించాను.

సరిగ్గా అప్పుడు నాగేంద్రమ్మ వచ్చింది. "ఏమైందన్నా, దొరికిందా?" అంది. ఆయన చెవి గోక్కుంటూ, "దొరికింది చెల్లెమ్మా. తప్పు నాదే. అంకె తప్పు చూశా" అన్నారు. నేను చచ్చిన బ్యాటరీని గుప్పిట్లో దాచి నిలబడ్డాను. నోరు తెరవలేదు. సిగ్గుతో కాదు, భయంతో కూడా కాదు. 'హమ్మయ్య' అనిపించింది, అంతే. ఆ 'హమ్మయ్య' తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు రోత.

ఆ మర్నాడు ప్యాకు నిండా చార్జితో నాగేంద్రమ్మ చేనంతా ఒక్క పూటలో కొట్టింది. పై వైపు నిలిచింది. దిగువ అరెకరం పోయింది. అది నా నాలుగు రోజులు.

ఎందుకలా చెప్పారని ఆయన్ని ఒకసారి అడిగాను. చేతిలో పని ఆపకుండానే, "తెలీదు మేడంగారూ" అన్నారు. నన్ను కాపాడారా, పరీక్షించారా, మేడంగారి మాట విన్నందుకు తప్పు నిజంగా తనదే అనుకున్నారా? ఎన్నిసార్లు ఆలోచించినా తేలదు. ఆయనకు మాత్రం నిజంగానే తెలియదేమో.

ఆయన పోయాక, నలభై రోజుల భోజనాలకు వెళ్ళినప్పుడు నాగేంద్రమ్మ కనిపించింది. పక్కకు పిలిచి చెప్పేశాను. మీటరు, బొమ్మ, నా మౌనం, అంతా. ఆమె విని, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నాకా రోజే తెలుసమ్మా. అన్న అబద్ధమాడితే చెవి గోక్కుంటాడు. ఎప్పటికైనా నువ్వే వచ్చి చెబుతావని చూశా. చాన్నాళ్ళు పట్టింది."

అంతకుమించి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పటి నుంచీ నా బ్యాగులో ఒక కొత్త టార్చి సెల్లు ఉంటుంది. నిన్న ఆ అమ్మాయి చేతిలోంచి రబ్బరు తీసుకుని, ఆ సెల్లుని తన మీటరుతో కొలిపించాను. ఒకటిన్నర దగ్గరే చూపింది. మీటరు మంచిదే. తర్వాత ఇద్దరం వెళ్ళి నల్లబోర్డు మీది లెక్క మొదటి నుంచీ చేశాం. మూడో మెట్టులో నేనే తప్పు వేసి ఉన్నాను. అప్పటికే సగం మంది తమ అంకెలు చెరిపేసి, నా తప్పుని శుభ్రంగా దించుకున్నారు. చెవి దాకా వెళ్ళిన చెయ్యి దించుకుని, అందరికీ వినపడేలా చెప్పాను.

"తప్పు నాది. మీరు చెరిపేసినవి మళ్ళీ వేసుకోండి."