ఒక్క పూట శాంతి వీధి అయిన మా కొట్లాటల సందు

మొన్న కడపలో అక్కయ్య ఇంటికి వెళ్ళినప్పుడు, స్టేషను బయట నేనెక్కిన ఆటో అబ్బాయి నన్ను దారి అడగలేదు. చెప్పబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపి, ఎదురుగా బిగించుకున్న ఫోనుకు చెవి అప్పగించాడు. ఆ ఫోనులోని అమ్మాయి మన వీధుల పేర్లన్నీ నోట్లో గులకరాళ్ళు పోసుకున్నట్టు పలుకుతూ, చివరికి మమ్మల్ని ఒక ప్రహరీగోడ ముందు నిలబెట్టి, గమ్యం చేరుకున్నారని ప్రకటించింది. అబ్బాయి గోడ వంక చూశాడు, నేను అబ్బాయి వంక చూశాను. అడుగుదామంటే ఆ ఎండలో వీధిలో ఒక్క మనిషి లేడు. అక్కయ్యకు ఫోను చేస్తే, గోడకు అవతలి పక్కనుంచే ఆమె నవ్వు వినిపించింది.

"నువ్వు గూడా శాంతి వీధి వెతుక్కుంటాండావా తమ్ముడూ?" అంది.

ఆ మాట అర్థమయ్యేవాళ్ళు మా ఇంట్లో ఇప్పుడు మేమిద్దరమే మిగిలాం కనుక, మీకు చెప్పాలనిపిస్తోంది.

మా తరం వారికి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో వీధులకు పేర్లు పెట్టింది ఆ వీధుల్లో నడిచినవాళ్ళే. కర్నూలు పాతబస్తీలో మా ఇంటి చుట్టుపక్కల గుడ్డిదీపం సందు ఒకటుండేది. మునిసిపాలిటీవారు ఎంత పెద్ద దీపం పెట్టినా దాని పేరుకు మాత్రం వెలుగు రాలేదు. చెవిటాయన వీధి ఇంకొకటి; ఆ చెవిటాయన పోయి ఏండ్లు గడిచినా, జనం ఆ మలుపు తిరగగానే అలవాటుగా గొంతు పెంచి మాట్లాడుకునేవారు. తరువాత నేను రోడ్ల శాఖలో ఉద్యోగంలో చేరి దారుల పేర్ల పలకలు రాయించడం, పాతించడం నా పనే అయింది కాబట్టి ఈ సంగతిలో నా మాట నమ్మవచ్చు. ఒకసారి కోసిగి దారిలో నాటవలసిన "పశువులు దాటు స్థలము" అన్న పలకను ఎవరో మా ఆఫీసు గేటు ముందే నాటేశారు. కొన్ని వారాలు మేమంతా దాని పక్కనుంచే దర్జాగా రాకపోకలు సాగించాము. ఆఖరికి దాన్ని చదివింది మా పై అధికారి, అదీ తాను రోడ్డు దాటిన తరువాతే.

ఇక మా సందు పేరు కొట్లాటల సందు. నవాబుల కాలంలో అక్కడ పొట్టేళ్ళ కొట్లాటలు జరిగేవని, అందుకే ఆ పేరు వచ్చిందని మా తాత చెప్పేవాడు. పొట్టేళ్ళ మీదికి నెడతావెందుకు, అది కొళాయి దగ్గర మా ఆడవాళ్ళు సంపాదించిన పేరని మా అమ్మ అనేది. సందంతటికీ ఒకటే కొళాయి. తెల్లవారుజామున నీళ్ళొస్తే బిందెలకంటే ముందు గొంతులు మోగేవి. ఆ గొంతులన్నిటికీ పెద్ద మా ఎదురింటి ఖాలా; ఉర్దూలో పిన్నమ్మ అని, సందంతా ఆమెను అట్లాగే పిలిచేది. గాజుల మలారం భుజాన వేసుకుని ఊరంతా తిరిగే మనిషి. ఆమె తిట్టడం మొదలుపెడితే జట్కా గుర్రాలు కూడా ఆగి వినేవని మా నాయన అనేవాడు. కానీ ఉదయం అంత గొడవ పడిన ఇంటికే సాయంత్రం గిన్నెలో పాయసం పంపేదీ ఆమే.

మా నాయన ఆసుపత్రిలో కాంపౌండరు, మెత్తని మనిషి. అక్కయ్యకు కడపనుంచి సంబంధం వచ్చింది. పెండ్లికొడుకు బడిపంతులు, అతని తండ్రి చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి, చాలా ఖచ్చితమైన మనిషని పేరు. అంతకు ముందు వచ్చిన ఒక సంబంధంవారు మా సందు పేరు వినగానే వెనక్కి తగ్గారు. ఆ దెబ్బ నాయన మనసులో ఉండిపోయింది. దాంతో ఈసారి మధ్యవర్తి చేత "శాంతి వీధి" అని చెప్పించి, శనివారం వాళ్ళు వస్తారనగా శుక్రవారమే ఒక రేకు పలక మీద నీలిరంగుతో ఆ పేరే రాయించి సందు మొదట్లో కట్టించాడు. అక్కయ్యకు అది అస్సలు నచ్చలేదు.

"ఎందుకు నాయనా ఇది? రేపు నేను ఆడికి పోయినాక కొట్లాడితే వీధి పేరు మళ్ళా మారుస్తావా?" అంది. నాయన వినలేదు.

శనివారం పొద్దున్నే బస్సు దిగవలసినవాళ్ళు మధ్యాహ్నమైనా రాలేదు. అమ్మ చేసిన వంట చల్లారిపోయింది. నాయన వాకిట్లోకి, ఇంట్లోకి తిరుగుతూనే ఉన్నాడు. పాపం వాళ్ళు బస్టాండులో దిగి శాంతి వీధి అని అడిగితే ఊళ్ళో ఒక్కరికీ తెలియలేదు. వాళ్ళెక్కిన రిక్షాలవాళ్ళిద్దరూ ఆలోచించి, ఆలోచించి, ఉపదేశిగారి చేతిలో బైబిలు చూసి, వీళ్ళు క్రైస్తవులు గదా, శాంతి అంటే ఇంకెక్కడ ఉంటుందని నేరుగా సమాధుల తోటకు తీసుకుపోయారట. అక్కడినుంచి నదివైపు, అక్కడినుంచి బురుజువైపు తిప్పి తిప్పి, చివరికి మా సందు మొదట్లోనే, నెత్తిమీది పలకను ఎవరూ చూడకుండానే, రిక్షాల్లోంచి దించేసి ఇక మావల్ల కాదన్నారు. ఎండకు తాళలేక పెండ్లికొడుకు తల్లి దగ్గరలో ఉన్న అరుగు మీద కూలబడింది. ఆ అరుగు ఖాలాది.

మాకు ఇవేవీ తెలియవు. ఖాలా గొంతు లేవడం మాత్రమే విన్నాము.

"మనుషులా మీరు? ఆడమనిషిని ఇంత ఎండలో ఊరంతా తిప్పుతారా? దారి తెలీకపోతే తెలీదని చెప్పేకి నోర్లేదా మీకు?"

రిక్షావాళ్ళు ఎదురు చెప్పారు. పక్కింటావిడ కలిసింది, కొళాయి దగ్గరివాళ్ళు కలిశారు, సందంతా ఒక్కటై వాళ్ళ మీద పడింది. అమ్మ చేతులు జోడించి, వాళ్ళొచ్చేలోగా ఈ గలాటా చల్లారిపోవాలని ప్రార్థన చేసుకుంది. నాయన ఉండబట్టలేక బయటికి పరుగెత్తాడు, వెనకాలే నేనూ.

"ఖాలా, నీకు దండం పెడతా, ఈ పొద్దొక్క పొద్దు ఊరకుండు తల్లీ!" అంటూనే అరుగు మీదివాళ్ళను చూసి కొయ్యబారిపోయాడు.

ఖాలా పెండ్లికొడుకు తల్లికి ఉప్పేసిన నిమ్మకాయ నీళ్ళు తాగిస్తూ అంది: "చూడప్పా, వీళ్ళు శాంతి వీధి అంటాండారు. నేను పుట్టినప్పట్నుంచీ ఈడే ఉండా, ఈడ శాంతి యాడుండాదో నాకే తెలీదు. ఇది కొట్లాటల సందు గదా?"

అంతా నాయన వంక చూశారు. ఉపదేశిగారు తలెత్తి నీలిరంగు పలకను చదివి, "ఇది ఎవురు కట్టినారు?" అని అడిగారు. 

అప్పుడు అక్కయ్య బయటికొచ్చింది. పట్టుచీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని, అందరి ముందు నుంచి నడిచి, ఆ పలకను తాడుతో సహా కిందికి లాగేసింది.

"మా సందు పేరు కొట్లాటల సందేనండీ. మా నాయన నా కోసం భయపడి ఇట్ల చేసినాడు. ఇష్టముంటేనే లోపలికి రాండి," అంది. 

ఉపదేశిగారు ఖాలా వైపు తిరిగారు. "అమ్మా, ఈ ఇంటోళ్ళు ఎట్లాంటోళ్ళు?"

ఖాలా ఆలోచించను కూడా లేదు. "ఇన్నేండ్లుగా వీళ్ళతో కొట్లాడ్తాండా. ఒక్కసారి గూడా అబద్ధం ఆడింది ల్యా. ఈ రేకుముక్క ఒగటే వీళ్ళాడిన అబద్ధం. ఈ పిల్ల ఉండాదే, నా నోటికి ఎదురు చెప్పేది ఈ సందులో ఇదొక్కతే. చెప్పి, నా బిందె గూడా అదే నింపి పెడతాది."

పెండ్లికొడుకు తల్లి గ్లాసు దించి నాయనతో, "ముందే కొట్లాటల సందు అని చెప్పింటే పొద్దున్నే వచ్చేసింటిమి గదన్నా, సమాధుల తోటకు పోయే పని ల్యాకపోయ!" అంది. ముందు నవ్వింది పెండ్లికొడుకు, తరువాత రిక్షావాళ్ళు. ఆ ఖచ్చితమైన ఉపదేశిగారు మాత్రం నవ్వలేదు. చెప్పులు విప్పి మా గడప దాటి లోపలికి నడిచారు. నాయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ చాలాసేపు బయటే ఉండిపోయాడు.

వేసవి ముగియకముందే పెండ్లి జరిగింది. అక్కయ్య అత్తగారి పట్టుమీద శుభలేఖలో కొట్లాటల సందు అనే అచ్చువేయించారు. వియ్యాలవారి తరఫు ఒక్కరు కూడా దారి తప్పలేదు.

మొన్న ఆ నవ్వు నవ్వుకున్నాక, అక్కయ్య ఒకసారి చూసొద్దామంటే ఇద్దరం కర్నూలు పోయాము. ఇప్పుడు ఆ సందుకు ఒక అంకె మాత్రమే ఉంది. అరుగులన్నీ పోయి ఇనుప గేట్లు వచ్చాయి, ఇంటింటికీ మోటారు ఉంది, కొళాయి ఉన్న చోట బండ్లు నిలుపుకున్నారు. ఖాలా పోయి చాలాకాలమైంది. ఆమె ఇల్లున్న చోట మూడంతస్తుల మేడ లేచింది. నీళ్ళకోసం ఎవరూ గొంతు చించుకోనక్కరలేదు, అది మంచిదే, కాదనను. అక్కయ్య మోకాళ్ళు పట్టుకుని సందు మధ్యలో నిలబడి అటూ ఇటూ చూసి, "ఏం తమ్ముడూ, ఎవురికీ ఒంట్లో బాగలేదా, ఇంత చప్పుడు ల్యాకుండా ఉండారు?" అంది.

ఆ చివరినుంచి ఈ చివరిదాకా మెల్లగా నడిచాము. కిటికీలు తెరిచే ఉన్నాయి, లోపల టీవీలు మోగుతూనే ఉన్నాయి. ఒకప్పుడు ఆ సందులో కొత్తమనిషి పది అడుగులు వేసేలోగా ఎవరో ఒకరు ఆపి, ఊరూ పేరూ కనుక్కుని, ఎవరింటికో చెబితే తీసుకుపోయి ఆ గడపలో దించేదాకా వదిలేవారు కాదు. ఆ రోజు మేము ఎవరమని, ఎవరికోసం వచ్చామని మమ్మల్ని అడిగినవారు ఒక్కరు కూడా లేరు.