ఉపగ్రహం మీద నాలుగు చుట్ల బేరం

తొంభైలలో ఒక పెళ్లికని సెలవు పెట్టి మెట్‌పల్లి వచ్చాను. మా బాపు, అంటే నాన్న, బట్టల దుకాణంలో ఒక మూల ఎస్టీడీ ఫోను ఉండేది. నా ప్రాణమంతా ఆ మూలనే ఉంది.

ఒక నక్షత్రం మెల్లగా మసకబారుతోందని మా ఉపగ్రహంలోని ఎక్స్-రే పరికరం చూపిస్తోంది. నిజమైతే అది నా మొదటి ఆవిష్కరణ. కానీ పరికరంలో నింపిన వాయువు కాలం గడిచేకొద్దీ చెడుతుంది, కొలత జారుతుంది. మసకబారింది నక్షత్రమా, పరికరమా? తేలాలంటే ఎప్పుడూ ఒకేలా వెలిగే ఒక నెబ్యులా వైపు దాన్ని తిప్పి చూడాలి. ఉపగ్రహం భూమిని చుట్టే చుట్లను అందరికీ వంతులేసి పంచేది బెంగళూరులో మా ఆఫీసులోనే ఉన్న నా చెన్నూరు దోస్తు.

"ఎనిమిది చుట్లు ఇయ్యి," అన్నాను ఫోనులో. నాకు కావలసింది నాలుగే.

"రెండిస్త. అందరు గట్లనే అడుగుతుండ్రు."

"రెండా! గా ముసలి ఉపగ్రహానికి మెడ తిప్పనీకే రెండు వడ్తయి. ఆరు జెయ్యి."

"మూడు. ఆఖరి మాట."

చీరలు చూస్తున్నవాళ్లు అవి వదిలేసి నన్ను చూడసాగారు. నాకు ఊపొచ్చింది. దుకాణాల మధ్య పెరిగినవాణ్ణి. వద్దని లేచి నడిస్తే వెనక నుంచి పిలుస్తారని నాకు తెలుసు.

"అయితే వద్దు పో!" అని ఠక్కున ఫోను పెట్టేసి, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

ఫోను మోగలేదు.

"ఏం బేరంరా గది?" అన్నాడు బాపు.

"చుక్కలది బాపూ. జర ఆగు, ఆడే ఫోను చేస్తడు."

"మన నంబరు ఇచ్చినవా మరి?"

ఇవ్వలేదు.

దుకాణమంతా గొల్లుమంది. బాపు గల్లాపెట్టె మీద వాలిపోయి నవ్వాడు. నేనూ నవ్వుతూనే మళ్లీ బెంగళూరు నంబరు నొక్కాను.

"వచ్చినవా?" అన్నాడు దోస్తు. "ఫికర్ జెయ్యకు, నాలుగు రాసిన. నీకు గావలసినయి నాలుగేనని నాకెర్క లేదా?"

"నాలుగు!" అని అరిచాను. నేనేం కొన్నానో తెలియకపోయినా ఒకామె చప్పట్లు కొట్టింది.

సెలవు ముగిసి బెంగళూరు చేరేసరికి ఫలితం వచ్చి ఉంది. మార్పే లేని నెబ్యులా కూడా సరిగ్గా అంతే మసకగా కనిపించింది. నా నక్షత్రం నిక్షేపంలా ఉంది, జారింది పరికరమే. బాపుకు ఫోను చేసి చెప్పాను.

"అంటే నీ చుక్కకు ఏం కాలే?"

"కాలే బాపూ. నా ఆవిష్కరణే పోయింది."

"ఓరి నీ! నష్టం కొననీకే గంత కొట్లాడినవారా? మూడుకే ఊకుంటే అయిపోతుండె గద!"

ఆ వెంటనే, అంత దూరం నుంచి, దుకాణం దుకాణమంతా నవ్వడం వినిపించింది.