ఇల్లుబండికి వెనకపెట్టె

ఆ రోజులు తలుచుకుంటే ముందుగా గుర్తొచ్చేది నా కాళ్ళే. అవి ఒక్కచోట నిలిచేవి కావు. కుర్చీలో కూర్చుంటే మోకాలు దానంతటదే ఊగేది, ఊగి ఊగి పక్కనే ఉన్న మా అవ్వ మంచాన్ని కూడా ఊపేది. "దీని అరికాళ్ళల్లో చక్రాలుండాయి, కట్టేసినా నిలబడదు" అని అవ్వ (మా నాయనకు అమ్మ) ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. బెంగళూరు బళేపేటలో మా గాజుల అంగడి, అంగడి మీద మా ఇల్లు. నాదేమో ఇంట్లో కూర్చునే చేసుకోగలిగిన కంప్యూటర్ ఉద్యోగం. పొద్దున లేస్తే కింద గాజుల గలగల, తోపుడుబండ్ల వాళ్ళ కేకలు, పైన నేనూ నా ల్యాప్‌టాపూ. ఇరవై దాటి కొన్నేళ్ళయినా నేను ఒంటరిగా పోయిన దూరదేశం మెజెస్టిక్ బస్టాండు. (అది మా ఇంటి నుంచి నడిచిపోయే దూరమని బెంగళూరు తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు.) పని ఎక్కడినుంచైనా చేసుకోవచ్చని ఆఫీసువాళ్ళు అన్నదే తడవు, ఒక స్కూలువాళ్ళు వదిలించుకుంటున్న పాత పసుపు వ్యాను కొనేశాను. సీట్లు పీకించి ఒక మంచం, గ్యాస్ పొయ్యి, చెంబు కడగడానికి సరిపోయేంత సింకు, మడిచిపెట్టే బల్ల వేయించాను. దాన్ని నేను గొప్పగా మోటర్ హోమ్ అనేదాన్ని. అవ్వ ఇల్లుబండి అనింది. అదే ఖాయమైంది.

నా ప్లాను చాలా పెద్దది. ముళబాగిలు, చిత్తూరు మీదుగా నెల్లూరికి పోయి, అక్కడినుంచి సముద్రం పక్కనే పైకి, విశాఖపట్నం దాకా. పగలు పని, సాయంత్రం అలలు. చిక్కల్లా సామాన్లతో వచ్చింది. మంచం దిగితే కాలు బకెట్లో పడేది, బల్ల తెరిస్తే స్టెప్నీ అడ్డమొచ్చేది, నీళ్ళ క్యాన్లు కదిలిస్తే తప్ప తలుపు తెరుచుకునేది కాదు. తడిసిన చెప్పులు, జాకీ, తాళ్ళు, గుడారం, ఇవన్నీ బండి బయట ఉండాలని, అందుకు వెనకాల ఒక పెట్టె కట్టించుకోవాలని వీడియోలు చూసి తెలుసుకున్నాను. కె.ఆర్.పురం స్టేషన్ దగ్గర సందులో ఒక వెల్డింగ్ మేస్త్రీ దొరికాడు. బళేపేట సందుల్లో మా ఇల్లుబండి దూరదు కాబట్టి అది ఆయన షెడ్డు ముందే కాపురం పెట్టింది. మేస్త్రీ అసలు పేరేదో ఉంది గానీ మా ఇంట్లో అందరికీ ఆయన నాళె మేస్త్రీ. కన్నడంలో నాళె అంటే రేపు. ఎప్పుడు అడిగినా ముసుగు పైకెత్తి "నాళె రెడీ మేడమ్" అనేవాడు, మళ్ళీ ముసుగు దించేవాడు. ఆ ముసుగు మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు. ఆఖరికి ఒకరోజు నిజంగానే రెడీ చేశాడు. చాసిస్‌కు ఇనుప చట్రం అతికి, దానిమీద బీరువాను పడుకోబెట్టినంత రేకు పెట్టె బిగించి, బండి రంగే వేసి, తాళం కూడా పెట్టాడు. దాన్ని చూసుకుని నేను మురిసిపోయాను.

నాయనకు ఈ యవ్వారం మొదటినుంచీ గిట్టలేదు. వద్దని అనలేదు, ఊరికే మూతి ముడుచుకుని తిరిగాడు. అమ్మ నచ్చజెప్పగా చెప్పగా ఒకరోజు మెట్లెక్కి పైకొచ్చి, నా ముందు నిలబడి తీర్పు చెప్పాడు. "హొసకోటె దాటేదాకా బండికి ఏ గలాటా కాకుంటే ఆ పైన నీ ఇష్టం, యాడికన్నా పో. హొసకోటె లోపల ఏమన్నా ఐందా, బండి అమ్మేసి అంగట్లో కూర్చో. ఒప్పుకుంటావా?" మా నాయన లెక్కలో బెంగళూరు హొసకోటెతో అయిపోతుంది, ఆ పైన ఉండేదంతా ఆయనకు 'బయట'. నాకు నవ్వొచ్చింది. కె.ఆర్.పురం నుంచి హొసకోటె ఎంత, ఓల్డ్ మద్రాస్ రోడ్డు పట్టుకుంటే ఎదురుగా ఉంటుంది! "ఒప్పుకుంటా నాయనా, ఇదేమన్నా చంద్రమండలమా" అని అప్పటికప్పుడే చేతిలో చెయ్యేశాను. అంగట్లో కూర్చోవడం అన్న మాట నా చెవిలో పడనే లేదు.

ఇక్కడ మా గాజులవాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. పెట్టెలో సందు వదలకూడదు. గాజు పగిలేది దెబ్బకు కాదు, ఖాళీకి అంటాడు నాయన. ఖాళీ ఉంటే కదులుతుంది, కదిలితే ఒకదానికొకటి తగులుతుంది. అందుకని సందు కనిపిస్తే గడ్డి కుక్కుతాడు, గడ్డి చాలకుంటే పాత పేపరు, అదీ లేకుంటే భుజం మీది తువ్వాలు. ఆఖరున మూతేసి, పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. లోపల కొంచెం కిక్కురుమన్నా మళ్ళీ విప్పుతాడు. ఇదంతా గాజులకు బాగానే ఉంటుంది. కానీ ఆ మనిషి ఒకరోజు "బండి చూసొస్తా" అని కె.ఆర్.పురం వచ్చి, నా వెనకపెట్టె తాళం తీసి చూశాడు. లోపల గుడారం, తాళ్ళు, చెప్పులు. ఇంకా సగానికి పైగా ఖాళీ. ఆయన మొహం మారిపోయింది.

"ఏంమే, ఇంత సందు పెట్టుకుని రోడ్డెక్కుతావా?"

"నాయనా, అది అట్లానే ఉండాల. వెనకాల బరువు పెట్టకూడదు."

"ఖాళీగా ఉండాలంటే మరి పెట్టె ఎందుకు చేయించినట్టు?"

దీనికి జవాబు మీ దగ్గర ఉంటే చెప్పండి. మర్నాడు నేను బయల్దేరాల్సింది. నాయన రెండు మూటలతో దిగాడు. అవ్వ పంపిన రాగిపిండి డబ్బాలు, శెనక్కాయల పొడి, మామిడికాయ ఊరగాయ. సరే పోనీ అని పెట్టించుకున్నాను. అంతటితో ఆగాడా? నాళె మేస్త్రీనీ, ఆయన దగ్గర పనిచేసేవాళ్ళనూ పిలిచి బండిని అటూ ఇటూ ఊపమన్నాడు. వాళ్ళు ఊపుతుంటే తను పెట్టెకు చెవి ఆనించి కళ్ళు మూసుకుని విన్నాడు. "ఇంకా మాట్లాడతాంది" అన్నాడు. ఆ మర్నాడు పాత చీరల మూట వచ్చింది. ఊపారు, విన్నాడు, ఇంకా మాట్లాడుతోంది. ఆ మర్నాడు రోలు వచ్చింది! రాతి రోలండీ, రోకలితో సహా. "సముద్రం కాడ చట్నీ దేంతో నూరుకుంటావు?" అని నన్నే ఎదురడిగాడు. నేను షెడ్డు ముందు అటూ ఇటూ తిరుగుతూ, చేతిగడియారం చూసుకుంటూ, మేస్త్రీ మీదా ఈగల మీదా అరుస్తూ రోజులు వెళ్ళదీశాను. నాళె మేస్త్రీ మాత్రం మహా సంబరపడిపోయాడు, రేపు రేపు అనడంలో తనను మించిన మనిషిని ఆయన అంతవరకూ చూసి ఉండడు. చివరికి మిగిలిన సందుల్లో దూర్చడానికి నాయన గాజుల పెట్టెలే తెచ్చాడు. "దోవలో ఎవరన్నా ఆడమనిషి నీళ్ళిస్తాది, దోవ చెప్తాది. ఆమెను వట్టి చేతుల్తో పంపుతావా? గాజులోళ్ళ బిడ్డవు!" గాజు ఎంత బరువో మోసినవాళ్ళకు తెలుసు. మళ్ళీ ఊపారు. నాయన చాలాసేపు విని, "ఇప్పుడు నోరు మూసుకునింది" అని తృప్తిగా తువ్వాలు దులుపుకున్నాడు. ఇల్లుబండి ముక్కు పైకెత్తి, తోక నేలకు వంచి, ఆకాశం చూస్తూ నిలబడింది.

బయల్దేరే రోజు అవ్వ కూడా ఆటోలో వచ్చింది. టెంకాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, నా మొహానికి దిష్టి తీసింది. నేను సీట్లో కూర్చుని గేరు మీద చెయ్యేసుకుని "అయిందా, అయిందా" అంటూనే ఉన్నాను. అయింది. కదిలాను. అబ్బ, ఆ క్షణం! సందు చివర పెద్దరోడ్డు ఎక్కేచోట ఒక హంపు ఉంది, నల్లగా, గుండ్రంగా, ఎవరో పగబట్టి వేసినట్టు. ముందు చక్రాలు ఎక్కాయి, దిగాయి. వెనక చక్రాలు ఎక్కాయి, దిగాయి. పెట్టె మాత్రం దిగలేదు. కర్ర్‌ర్ మని ఒక చప్పుడు వచ్చి, పెట్టె అడుగు హంపు మీద కూర్చుంది. యాక్సిలరేటర్ తొక్కితే చక్రాలు తిరుగుతున్నాయి, పొగ వస్తోంది, బండి రావడం లేదు. సందుకు అడ్డంగా, రోడ్డుకు అడ్డంగా నేను. పెద్దరోడ్డు మీద నన్ను దాటలేక ఆగిన ఒక సిటీబస్సు, దాని వెనకాల ఇంకొకటి, వాటి సందుల్లో కె.ఆర్.పురంలో ఉండే ఆటోలన్నీ. అందరూ ఒకేసారి హారన్ కొట్టారు. హొసకోటె సంగతి దేవుడెరుగు, అద్దంలో చూస్తే నాళె మేస్త్రీ షెడ్డు బోర్డు ఇంకా చదవడానికి వస్తోంది.

ట్రాఫిక్ చూసుకునే ఆడ పోలీసు ఒకామె విజిల్ ఊదుకుంటూ వచ్చింది. "ఏనమ్మా ఇదు, రోడ్డేను నిమ్మ మనేనా?" అని కన్నడంలో అరిచింది. రోడ్డు మీ ఇల్లా అని. ఇల్లుబండిలో కూర్చుని ఆ ప్రశ్నకు ఏమని చెప్తాం! ఇంతలో నాయన పంచె ఎగగట్టి పరుగెత్తుకొచ్చాడు. "బరువు దించితే లేస్తాది, మీరు కోప్పడొద్దండమ్మా" అంటూ తాళం తీశాడు. తీశాడే గానీ, గాజులు దించే మనిషి గబగబా దించుతాడా? అవ్వ రోడ్డు పక్కన పాతచీర పరిచింది, దానిమీద ఒక్కొక్క పెట్టె తెచ్చి, మూత తీసి పగిలాయో లేదో చూసి, వరసగా పేర్చుతున్నాడు. ఎర్రవి, పచ్చవి, తేనెరంగువి. బస్సులో ఉన్న ఆడవాళ్ళు కిటికీల్లోంచి చూశారు. ఒకామె దిగింది. ఆమె వెనకాల ఇంకొందరు దిగారు. "ఎట్లప్పా డజను?" అని అడిగింది మొదటామె. "ఇవి అమ్మేటివి కాదమ్మా" అన్నాడు నాయన. అన్నాడు గానీ ఆమె అప్పటికే చెయ్యి చాపింది, చాపిన చేతిని ఉత్తగా పంపడం మా అంగట్లో లేదు. ఆయన కళ్ళు వాటంతటవే ఆ మణికట్టు మీద వాలాయి. "రెండు ఆరు" అని కొలత చెప్పేసి, వేళ్ళు దగ్గరకు నొక్కి, తేనెరంగు గాజులు ఎక్కించేశాడు. ఇక చూడండి! చుట్టూ చేతులే చేతులు. నేను కిటికీలోంచి మెడ చాపి "నాయనా! జాకీ! జాకీ తియ్యి నాయనా!" అని గొంతు చించుకుంటున్నాను. "ఉండుమే, ఈయమ్మ ఒక్కతే" అంటాడు. ఆ ఒక్కతే అయ్యేసరికి ఇంకొకతె.

పోలీసామె కాసేపు చూసింది. చూసి చూసి, నాయన తన చేతికేసి కూడా చూడబోతుంటే, నవ్వు ఆపుకుంటూ తెలుగులోకి దిగింది. "నాకొద్దు పెద్దాయనా, డ్యూటీలో ఉండా. ఏయ్, గాజులు ఏసుకున్నోళ్ళందరూ రాండి, బండి తొయ్యండి!" వాళ్ళు నిజంగానే వచ్చారు. చీర కొంగులు దోపుకుని, కొత్త గాజుల చేతులు పెట్టెకు ఆనించి, ఐసా అంటూ ఎత్తి తోశారు. కండక్టరూ, మేస్త్రీ కూడా చెయ్యేశారు. బండి ఒక్క ఊపుతో ముందుకు దూకింది. బస్సులు కదిలాయి. పోతూ పోతూ కిటికీల్లోంచి ఆ ఆడవాళ్ళు నాకు చేతులు ఊపారు, నేనెవరో పెళ్ళికూతురైనట్టు.

బండి పక్కకు తీసి ఆపాను. రోడ్డు పక్కన డబ్బాలు, మూటలు, రోలు, గాజులు, ఇల్లు ఖాళీ చేయించినట్టు పడి ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది మా ఒప్పందం. హొసకోటె లోపల గలాటా. ఇంతకంటే గలాటా ఇంకేం కావాలి? ముక్కు ఎగబీల్చుకుని, అంగట్లో కూర్చున్న నన్ను నేను ఊహించుకుంటూ, షెడ్డు వైపు స్టీరింగ్ తిప్పాను. కిటికీ దగ్గరకు నాయన వచ్చాడు.

"యాడికి తిప్పుతాండావు?"

"ఇంటికి. మాట మాటే కదా."

నాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నా వైపు చూడకుండా స్టీరింగ్ వైపు చూశాడు. "గలాటా చేసింది నేను మే, నీ బండి కాదు. నా తప్పు నీకెందుకు కట్టాల?" అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని, "నువ్వు పోతాండావంటే నాకు దిగులు. రోజుకొక మూట తెస్తే ఇంకొక దినం నిలబడతావు గదా అని తెస్తా వచ్చినా. పెట్టె మాట్లాడతాంది అనింది ఉత్త అబద్ధం. చీరల మూటకే మూసుకునింది" అన్నాడు. నాకు కోపం రావాలి. రాలేదు. "ఆ రోలన్నా తీసుకుపో నాయనా" అన్నాను. "అంతా తీసుకుపోతా. ఈ రోడ్లకు నీ మాటే సరి. పో. హొసకోటె దాటినాక ఫోన్ చెయ్యి" అని రేకు మీద చేత్తో రెండు తట్టి పక్కకు జరిగాడు.

పోయాను. ఖాళీ పెట్టె వెనకాల డబడబమంటూనే ఉంది. హొసకోటె వచ్చింది, పోయింది, బోర్డులు అయిపోయాయి. రోడ్డు పక్కన ఆపి ఫోన్ చేశాను. "దాటినా నాయనా!" అని అరిచాను. "ఊ, చూసినాలే" అన్నాడు. చూడ్డమేంటి? అద్దంలో చూస్తే, వెనకాల కొంచెం దూరంలో ఒక లగేజ్ ఆటో ఆగి ఉంది. ముందు డ్రైవరు పక్కన అవ్వ కునుకుతోంది. వెనకాల డబ్బాల మధ్యన, గాజుల పెట్టెల మధ్యన, ఒళ్ళో రోలు పెట్టుకుని మా నాయన, చెవి దగ్గర ఫోను. "నువ్వు ఇక్కడేం చేస్తాండావు నాయనా?" అంటే, "ఆటోవాడు బళేపేటకు ఇట్లా పోతే దగ్గరన్నాడు" అన్నాడు. బళేపేట సరిగ్గా దానికి ఎదురు దిక్కు. నేను పగలబడి నవ్వాను, కిటికీలోంచి చెయ్యి ఊపాను, గేరు వేశాను. దిగి ఆయన పక్కన నిలబడి ఒక్క టీ తాగిపోదామన్న ఆలోచనే రాలేదు ఆ పిల్లకు. అంత తొందర.

ఆ తర్వాత నెల్లూరు చూశాను, సముద్రం చూశాను, విశాఖపట్నం కూడా చూశాను, అవన్నీ బాగానే ఉన్నాయి. కానీ బయల్దేరిన రోజే మధ్యాహ్నం ముళబాగిలు దగ్గర చింతచెట్టు నీడన బండి ఆపి, పొయ్యి వెలిగించి, చేతులు కడుక్కుని చూసుకుంటే వండుకోవడానికి పిడికెడు పిండి లేదు. ఊరగాయ కూడా లేదు. అంతా ఆటోలో వెనక్కి పోయింది. పొయ్యి ఆర్పేసి, మంచం మీద కూర్చుని, కావాలంటే ప్రపంచమంతా తిరగగలిగిన ఆ ఘనురాలు బోరుమని ఏడ్చింది. ఆకలికే ఏడ్చానని నాయనతో చెప్పాను. ఇన్నేళ్ళయినా ఆ మాట మీదే ఉన్నాను.