మతిలేదన్న మాట

చాలా ఏళ్ళుగా ఒక మాటను మోస్తున్నాను. మాటకు బరువేముంటుందని మీరనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. పనిలో ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. మధ్యాహ్నం అన్నం తిని కాస్త కన్ను మూస్తే చాలు, మైలవరం జలాశయం గట్టు కనిపిస్తుంది. నీళ్ళ మీద తెల్లటి వెలుగు. గట్టు కింద గొర్రెలు. వాటి మధ్యలో నిలబడి ఒకామె నాతో ఏదో చెబుతూ ఉంటుంది. పెదవులు కదులుతాయి. వచ్చే గొంతు మాత్రం ఆమెది కాదు, నాది. ఒత్తులన్నీ సరిగ్గా పలికే, శుభ్రమైన నా గొంతు. అది వినగానే మెలకువ వస్తుంది.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళ దగ్గర ఈ సంగతి ఎత్తబోయిన ప్రతిసారీ ఇంకేదో మాట్లాడి లేచి వచ్చేశాను. నా పేరు రాయడం లేదు. అదీ పిరికితనమే. ఒకేసారి రెండు ధైర్యాలు చేయడం నా వల్ల కాదు, ఈ ఒక్కటీ చేయనివ్వండి.

ప్రొద్దుటూరులో ఒక చిన్న కేబుల్ చానెల్లో నేను వార్తలు చదివేవాణ్ణి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, చుట్టుపక్కల పల్లెలు, అంతవరకే మా లోకం. వార్తల తర్వాత కాసేపు ఊరి సంగతుల మీద వ్యాఖ్యానం కూడా నాదే. బులెటిన్ ముందే రికార్డు చేసేవాళ్ళం. నేను టీ తాగడానికి బంగారు అంగళ్ళ వీధిలోకి వచ్చేసరికి దీపాలు పెట్టేవాళ్ళు, అప్పుడే అంగళ్ళలోని టీవీల్లో వార్తలు మొదలయ్యేవి. వాక్యంలో సగం ఒక అంగట్లో వినిపించేది, మిగతా సగం పక్క అంగట్లో. గాజు పెట్టెల్లో నగల మెరుపు, ధూపం పొగ, అన్నివైపులా నా గొంతు. అందులో నడుస్తుంటే నేల మీద నడుస్తున్నట్టు ఉండేది కాదు. నిజం చెప్పాలంటే ఆ సుఖం ఇప్పటికీ మరిచిపోలేదు.

"ఏమప్పా, నువ్వు మాట్లాడితే మనోడంటే ఎవురూ నమ్మరు" అనేవాళ్ళు అంగళ్ళ వాళ్ళు. దాన్ని మించిన మెప్పు నాకింకోటి ఉండేది కాదు. మనోడు కాదనిపించుకోవడం మెప్పు ఎలా అయింది? అప్పట్లో ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

తట్టకపోవడానికి ఒక కారణముంది. చదువయ్యాక వార్తలు చదవడం నేర్చుకోవడానికి విజయవాడ వెళ్ళాను. మొదటి వారంలోనే మాకు నేర్పే ఆయన నన్ను లేపి, ముందురోజు చెప్పిందేమిటో చెప్పమన్నారు. గుర్తు రాలేదు. "నాకు మతిలేదండీ" అన్నాను. మా ఊళ్ళలో మతి అంటే జ్ఞాపకం. 'మతికొచ్చె' అంటే గుర్తొచ్చిందని. 'మతిలేదు' అంటే గుర్తులేదని, అంతే. మా అమ్మ రోజుకు పదిసార్లు ఆ మాట అనేది. ఆ గదిలో మాత్రం దానికి పిచ్చి అని అర్థం. ఆయన చిరునవ్వుతో "మతిలేనివాడు వార్తలేం చదువుతాడయ్యా" అన్నారు. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ కోర్సు అయ్యేదాకా నన్ను 'మతిలేనాయన' అనే పిలిచారు. ఆయన చెడ్డవాడు కాదు. కానీ ఆ నవ్వు నా ఒంట్లో ఎక్కడో ఉండిపోయింది. నోట్లోంచి మా ఊరిని ఏరి పారేసుకోవడం ఆ రోజే మొదలుపెట్టాను.

అందుకే ప్రొద్దుటూరు వచ్చాక చానెల్లో ఒక పద్ధతి పెట్టాను. పల్లెల వాళ్ళు కెమెరా ముందు మాట్లాడితే ఆ గొంతు తగ్గించేసి, వాళ్ళ మాటను నేను మంచి తెలుగులో చదువుతాను. చూసేవాళ్ళదీ మాట్లాడేవాళ్ళదీ ఒకే యాస. మధ్యలో ఈ తర్జుమా ఎవరి కోసం? ఎవరూ అడగలేదు. పైగా చానెల్‌కు హుందాతనం వచ్చిందన్నారు.

ఇక అసలు సంగతి.

మైలవరం దగ్గర ఒక పల్లెలో ఓబులమ్మ అనే ఆమె ఉంది. గొర్రెలు మేపుకునే ఇల్లు. ఒకరోజు ఆమె, ఆమె భర్త నరసన్న మందను రోడ్డు దాటిస్తుంటే ఒక జీపు వచ్చి నరసన్నను గుద్ది ఆగకుండా వెళ్ళిపోయింది. నరసన్న కాలు నుజ్జయింది. చూసింది ఓబులమ్మ ఒక్కతే. జమ్మలమడుగులో మా విలేకరి బాషా వెళ్ళి ఆమెను మాట్లాడించి, ఎప్పటిలాగే మెమరీ కార్డును కాగితంలో చుట్టి ప్రొద్దుటూరు బస్సు కండక్టరు చేతికిచ్చాడు. బస్టాండుకు పోయి దాన్ని తెచ్చుకుంది నేనే.

ఆ సాయంత్రం నేను చదివిన వాక్యం ఇది. "జీపు నడిపిన వ్యక్తి తనకు తెలుసంటూ మతిస్థిమితం లేని ఓ మహిళ చేస్తున్న ఆరోపణలు స్థానికంగా చర్చనీయాంశమయ్యాయి."

బాషా ఫోన్లో "ఆయమ్మ మతిలేదంటాంది న్నా" అని చెప్పాడు, హడావుడిలో నేను వేరేగా రాసుకున్నాను, బులెటిన్‌కు టైమైపోయింది. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న కథ ఇది. పొరపాటు. ఎవరికైనా జరుగుతుంది.

కానీ పొరపాటు కాదు. ఇంత దూరం వచ్చాక మీ దగ్గర కూడా ఆ కథే చెబితే ఇక రాయడమెందుకు?

ఆ కార్డు నేను ముందే విన్నాను. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఒక్కణ్ణే కూర్చుని విన్నాను. గాలి హోరు. గొర్రెల అరుపులు. వాటి మధ్య ఆమె గొంతు, తడబాటు లేకుండా. "బండి నంబరు నాకు మతిలేదప్పా. నాకు సదువు రాదు, నంబరు యాడ సూస్తా. మనిషి మాత్రం బాగా ఎరుక. పోయిన జాతరకు మా దగ్గిరే పొట్టేల్ని కొనుక్కపాయె." తర్వాత ఆ మనిషి పేరు చెప్పింది. మా వైపు పలుకుబడి ఉన్న పెద్ద రైతు. పేరు ఎలాగూ వేసేవాళ్ళం కాదు, కేసు తేలేదాకా పేర్లు వేయకపోవడం మా అలవాటు. ఆ రైతు నుంచి ఫోను రాలేదు. చానెల్ వాళ్ళు నాతో ఒక్క మాట అనలేదు. ఎవరైనా బెదిరించి ఉంటే ఈరోజు చెప్పుకోవడానికి నాకొక సాకు ఉండేది.

'మతిలేదప్పా' అన్న మాట చెవిలో పడగానే నాకు గదంతా నవ్వడం వినిపించింది. విజయవాడలోని ఆ గది. ఒళ్ళంతా వేడెక్కింది. ఆమె మీద కోపం వచ్చింది. ఎందుకు? ఆమె నాకేం చేసింది? ఎంత అడుగుకు తొక్కినా నా మాట మళ్ళీ పైకి తేలిందని కాబోలు. కలం తీసుకుని 'మతిస్థిమితం లేని' అని రాశాను. రాస్తున్నప్పుడే దాని అసలు అర్థం నాకు తెలుసు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. నాది జారిన నోరు కాదు.

బులెటిన్ అయ్యీ కాకముందే పులివెందుల నుంచి మా అమ్మ ఫోన్ చేసింది. ఓబులమ్మ గొంతు తగ్గించాం గాని పూర్తిగా తీసేయలేదు, నా గొంతు వెనకాల సన్నగా వినిపించింది. "ఆయమ్మ నంబరు మతిలేదంటాంటే, నువ్వు పిచ్చిదంటివేందిరా" అంది అమ్మ. రేపు సరిచేస్తాలే అన్నాను. మరునాడు చేయలేదు. సరిచేయాలంటే కెమెరా ముందు కూర్చుని, మా ఊళ్ళో మతి అంటే ఇదీ అని చెప్పాలి. మా ఊరు అనాలి. ఆ ఒక్క మాట అనలేక ఒక మనిషిని పిచ్చిదాన్ని చేసి వదిలేశాను. అమ్మ మళ్ళీ అడగలేదు. ఆ తర్వాత నా వార్తలు చూస్తున్నానని కూడా ఎప్పుడూ అనలేదు.

తర్వాత జరిగినదంతా బాషా నోట విన్నాను. విచారణలో ఆ రైతు తరఫు వాళ్ళు, "మతిస్థిమితం లేనిదని టీవీలోనే సెప్పినారు కదా సార్" అన్నారట. చూసిన మనిషి ఒక్కతే, ఆమె మాట చెల్లలేదు. జీపు ఎవరిదో తేలలేదు. నరసన్న మళ్ళీ మంద వెంట పోలేదు. ఊళ్ళో పిల్లలు ఆమెను పిచ్చి ఓబులమ్మ అన్నారు, తర్వాత పెద్దవాళ్ళూ అన్నారు. వీటన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఒక చిన్న సంగతి. గొర్రెలు కొనే వ్యాపారులు ఆమెతో బేరమాడటం మానేశారట. మందను కాసేది ఆమె, ఏ గొర్రె ఎప్పుడు ఈనిందో తెలిసింది ఆమెకు. వాళ్ళు మాత్రం ఆమెను దాటుకుని లోపలికి పోయి, మంచంలో ఉన్న నరసన్నతోనే ధర మాట్లాడేవాళ్ళట. ఆమె గుమ్మం దగ్గర నిలబడి వినేదట.

కొన్నేళ్ళకు మైలవరం జలాశయం నిండింది. వ్యాఖ్యానం గట్టు మీద నుంచి చేద్దామని వెళ్ళాం. గాలి లేదు. ఆకాశమేదో నీళ్ళేదో తెలియనట్టుంది, దూరంగా చేపల తెప్ప ఒకటి గాలిలో ఆగినట్టు కనిపిస్తోంది. నేను పెన్నమ్మ తల్లి అంటూ ఏవో పెద్ద మాటలు చెబుతుంటే గొర్రెల మంద వచ్చింది. కెమెరా ఆపాం. మంద వెనక వస్తున్న ఆమె నన్ను చూసి నిలబడింది. నేను వెంటనే గుర్తుపట్టాను.

"నీ గొంతు యాడనో ఇన్న్యానప్పా" అంది.

"టీవీలో వినుంటావమ్మా."

"మా ఇంట్లో టీవీ ల్యాదు. అంగట్లో ఇనింటా." కర్ర గడ్డం కింద ఆనించి కాసేపు నన్నే చూసింది. "వార్తలు సదివేటాయనవా?"

"అవును."

"ఒకతూరి నన్ను పిచ్చిదని సదివినారంట. అది సదివింది నువ్వేనా, ఇంకెవురన్నానా?"

ఆమె గొంతులో కోపం లేదు. తప్పిపోయిన గొర్రె ఇటు వచ్చిందా అని అడిగినట్టే అడిగింది. ఒక్క మాట చాలు. అవును అంటే అయిపోయేది. నా నోరు తెరుచుకుంది. ఎన్నో ఏళ్ళుగా నా నోట్లో లేని మాట, నేను ఏరి పారేశాననుకున్న మాట, దానంతట అదే వచ్చింది.

"నాకు మతిలేదమ్మా."

ఆమె నవ్వలేదు. తల ఊపింది. "మతి లేకుంటే నువ్వేం జేస్తావులే నాయనా. దినామూ ఎన్ని సదువుతాంటావో" అంది. గొర్రెలను అదిలించుకుంటూ గట్టు దిగిపోయింది.

నా మాటను ఎలా అర్థం చేసుకోవాలో ఆమె అలాగే అర్థం చేసుకుంది. నేను ఆమెకు చేయని పని అదే. పైగా నేను అన్నది అబద్ధం, ఆమె అన్నది నిజం. ఆ రోజు మిగతా వ్యాఖ్యానం ఎలా చెప్పానో తెలియదు. బాగుందనే అన్నారు.

ఈమధ్య మా చానెల్ మూతపడింది. ఇప్పుడు అందరూ ఫోన్లలోనే చూస్తున్నారు. చివరి బులెటిన్‌లో చెప్పేద్దామనుకున్నాను. వాక్యం కూడా కంఠతా పట్టాను. లైటు వేశారు. ఆ వెలుగులోకి వెళ్ళగానే ఎప్పటిలాగే తేలిపోయినట్టయింది. ఇన్నేళ్ళు ఆదరించినందుకు కృతజ్ఞతలు, సెలవు, నమస్కారం అన్నాను. బయటికి వచ్చి బంగారు అంగళ్ళ వీధిలో నడిచాను. నా గొంతు ఎక్కడా వినిపించలేదు. అంగళ్ళ వాళ్ళు తలలు వంచుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. ఏడుపొచ్చింది. చానెల్ పోయినందుకు కాదు.

వెళ్ళి ఆమెతోనే చెప్పవచ్చు కదా అని మీరంటారు. ఓబులమ్మ ఇంకా మంద తోలుకుంటూనే ఉందని బాషా చెప్పాడు. ప్రొద్దుటూరు నుంచి బస్సు ఎక్కితే ఎంతసేపని? వెళ్తానని మాట ఇవ్వలేను. నా మాట ఎలాంటిదో ఇప్పుడు మీకు తెలుసు. వెళ్ళినా, ఆమె క్షమించినా, ఆ వ్యాపారులు తిరిగొచ్చి ఆమెతో బేరమాడరు, నరసన్న కాలు రాదు. క్షమించమని అడిగే ఉద్దేశంతో ఇది రాయలేదు.

గట్టు మీద ఆమె ఒక ప్రశ్న అడిగింది. దానికి జవాబు బాకీ ఉంది. అది ఆమెకు అందదని తెలిసినా ఎక్కడో ఒకచోట పెట్టాలి. మంచి తెలుగులో రాస్తే మళ్ళీ నా గొంతే అవుతుంది కాబట్టి, మా అమ్మ మాటలోనే రాస్తున్నాను.

నేనే సదివినా ఓబులమ్మా. ఆ పొద్దూ తెలిసే సదివినా. నాకు బాగా మతికుండాది.