ముగ్గురి షేర్వాణీ

ఇన్నేళ్లయినా ఆ మనిషి ముఖం గుర్తుకొస్తే నాకు ఒళ్లు మండుతుంది. పాతవన్నీ మరిచిపొమ్మని మంచివాళ్లు చెబుతుంటారు. చెప్పేవాళ్లదేం పోయింది? పట్నంలో ఆ సర్కారు దఫ్తరు మెట్ల మీద నా స్నేహితుడు నిలబడ్డ తీరు వాళ్లు చూడలేదు కదా.

మేం ముగ్గురం పట్నం కాలేజీలో చదువుతూ ఒకే గదిలో ఉండేవాళ్లం. నాదీ పెద్దవాడిదీ చేవెళ్ల, మూడోవాడిది మొయినాబాద్. పెద్దవాడు పట్వారీ కొడుకు, తాటిచెట్టంత మనిషి. వయసులో ముందు గనుక మేమిద్దరం అన్నా అని పిలిచేవాళ్లం. మొయినాబాద్ వాడు పొట్టివాడు, సేద్యం చేసుకునే క్రైస్తవుల ఇంటి పిల్లవాడు. నేను మధ్యరకం. ఆ రోజుల్లో నిజాం సర్కారులో ఏ అధికారి, ఏ హాకిము ముందుకు పోవాలన్నా నల్ల షేర్వాణీ, తలకు టోపీ ఉండి తీరాలి. చదువు కాస్త తక్కువైనా చూసీ చూడనట్టు ఊరుకుంటారేమో గాని, షేర్వాణీ సరిగా లేనివాణ్ణి గడప దాటనివ్వరు.

చదువు ముగిసేసరికి మా ముగ్గురి షేర్వాణీలూ మోచేతుల దగ్గర పిగిలిపోయాయి. అప్పుడు మొయినాబాద్ వాడి తల్లి తన పెట్టెలోంచి నల్లటి గుడ్డ తీసి మా చేతిలో పెట్టింది. ఒక క్రిస్మస్‌కు మిషన్ దొరసాని ఆమెకు ఇచ్చిన గుడ్డ అది. "ముగ్గురు మంచిగ బతుకుండ్రి బిడ్డా" అన్నది. అది ఒక్క షేర్వాణీకే సరిపోయింది. మధ్యరకం వాడి కొలతకు కుడితే అందరికీ ఎంతో కొంత పడుతుందని దర్జీ నా కొలతకే కుట్టాడు. పెద్దవాడికి చేతులు మణికట్టు దాకా వచ్చేవి కావు. పొట్టివాడికి పిక్కల మీద వేలాడేది. ఎవరు తొడుక్కున్నా మిగతా ఇద్దరం పడీ పడీ నవ్వేవాళ్లం.

నౌకరీకి పిలుపు వచ్చినవాడు దాన్ని తొడుక్కుపోవాలి. పని కాగానే ఉతికి, ఇస్త్రీ చేయించి, తరువాతి వాడికి బస్సు డ్రైవరు చేత పంపాలి. అదీ మా కట్టుబాటు. ఎవరి ఊరికి వాళ్లం చేరాక, పిలుపు ఉన్నా లేకున్నా, వంతులవారీగా మా మధ్య తిరుగుతూ ఉన్నది ముఖ్యంగా ఆ షేర్వాణీయే. మొయినాబాద్ నుంచి వస్తే జేబుల నిండా వేయించిన పల్లీలు ఉండేవి. నేనొకసారి పండిన సీతాఫలం పెట్టి పంపి ఇద్దరి చేతా తిట్లు తిన్నాను. శుక్రవారం, జుమ్మా నాడు సర్కారు సెలవు గనుక, పెద్దవాడూ నేనూ బస్సెక్కి మొయినాబాద్ వెళ్లేవాళ్లం. బస్సు ఆగేచోట చాయ్ హోటల్లో ముగ్గురం పొద్దు గుంకేదాకా కూర్చునేవాళ్లం.

మొదటి పిలుపు పెద్దవాడికి వచ్చింది. చేవెళ్ల తహసీలు కచ్చేరీలో హాకిము ముందు కాగితాలు పెట్టే పేష్కారు అయ్యాడు. తరువాత నేను వేసుకుపోయి చేవెళ్ల బడిలో పంతులునయ్యాను. గుడ్డ ఇచ్చిన ఇంటివాడికి మాత్రం పిలుపు రాలేదు. వాడు పగలు నాగలి పట్టేవాడు, దీపం వెలుగులో వాడలో పిల్లలకు అక్షరాలు దిద్దించేవాడు. సర్కారు నౌకరీకి వయసు దాటిపోతున్నదని వాడి తల్లి దిగులు పడేది.

ఆ వయసు దాటబోయే ఏడు, పట్నంలో ఒక పెద్ద బడి పంతులు నౌకరీకి వాడికి పిలుపు వచ్చింది. అదే చివరి అవకాశమని ముగ్గురికీ తెలుసు. షేర్వాణీ అప్పుడు పెద్దవాడి ఇంట్లో ఉన్నది. పేష్కారుకు సొంతంగా మంచి మంచివి ఉన్నా, అది ఆయన చిలక్కొయ్యకే వేలాడుతుండేది. నేనే వెళ్లి అడిగాను.

"బామ్మర్ది పట్నం తీస్కపోయిండు. వానికి గూడ అదే నౌకరీకి పిలుపొచ్చింది" అన్నాడు, గడ్డం గీసుకుంటూనే.

మరి మనవాడి సంగతేమిటన్నాను.

"వానికేంది, భూమి ఉన్నది. జర ఆగుతడు తియ్" అన్నాడు.

ఏరు దాటి తెప్ప తగలేసినవాళ్ల గురించి విన్నాను. ఇతడు ఆ తెప్పను బామ్మర్దికి ఇచ్చి, అవతల కొట్టుకుపోతున్నవాణ్ణి జర ఆగమన్నాడు. ఆయన చేతిలోని కత్తి లాక్కోవాలన్నంత కోపం వచ్చింది.

మోచేతులకు అతుకులు వేసుకుని నేను బడికి తొడుక్కునే పాతది వాడికిచ్చి, తోడుగా పట్నం వెళ్లాను. దఫ్తరు చప్రాసీ ఆ అతుకుల వంక చూసి, హాకిం సాబుకు కోపమొస్తుంది, పక్కకు జరగమన్నాడు. మావాడు బి.ఏ. పాసయ్యానని నెమ్మదిగా చెప్పుకుంటూనే ఉన్నాడు. అంతలో పేష్కారు బామ్మర్ది మా షేర్వాణీ తొడుక్కుని మా పక్కనుంచే మెట్లెక్కాడు. చప్రాసీ వంగి సలాము చేసి తలుపు తెరిచాడు. నౌకరీ అతడికే వచ్చింది.

మొయినాబాద్ వాడు నా పాత షేర్వాణీ విప్పి, మడిచి నా చేతికిచ్చాడు. వాడి ఓర్పు మీద కూడా నాకు కోపమే. తరువాతి జుమ్మాకు పేష్కారు ఏమీ జరగనట్టు వచ్చి చాయ్ తెప్పించాడు. ఏడాది తిరిగాక షేర్వాణీని పాత అఖ్‌బారు కాగితంలో చుట్టి తెచ్చి, "ఇగో, నీ వంతు. మల్లెప్పుడన్న పిలుస్తరు" అని వాడి ఒళ్లో పెట్టాడు. వయసు దాటిపోయిందని ఆయనకు తెలుసు. జేబు మీద పాన్ మరక ఉన్నది. వాడు తీసుకున్నాడు, చాయ్ తాగాడు, ఇంటికి పోయాడు.

యుద్ధం రోజులవి. పెట్రోలు దొరక్క బస్సు బొగ్గు పొగతో నడిచేది, ఎత్తు వస్తే మూలిగేది. ఆ మరుసటి జుమ్మాకు పేష్కారూ నేనూ ముందు సీట్లో కూర్చుని వస్తున్నాం. మొయినాబాద్ ఇంకా రాకముందే, ఎత్తు దగ్గర బస్సు నెమ్మదించింది. రోడ్డు పక్కన గడ్డిమోపుతో పోతున్న ముసలాయన ఠక్కున ఆగి, మోపు దించి, చెప్పులు విడిచి, నేలకు వంగి సలాము చేశాడు. పేష్కారు అలవాటుగా చెయ్యి నుదుటి దాకా ఎత్తాడు.

ముసలాయన చూపు మా వైపు లేదు. అవతల మొయినాబాద్ వాడి జొన్నచేలో రెండు కట్టెల మీద మా షేర్వాణీ చేతులు చాచి నిలబడి ఉన్నది. పైన మసికుండ, కుండకు టోపీ. బస్సంతా గొల్లున నవ్వింది. పేష్కారు ఎత్తిన చేత్తోనే మీసం సవరించుకున్నాడు.

"మంచి గుడ్డ ఖరాబు చేసిండు" అన్నాడు.

నేను బస్సు ఆపించి దిగిపోయాను. ఆయన దిగలేదు.

మొయినాబాద్ వాడు గట్టు మీద వడిసెల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. గువ్వలు షేర్వాణీ భుజాల మీదే వాలి జొన్నలు తింటున్నాయి.

"అన్న చూసిండా?" అన్నాడు.

చూశాడన్నాను. ఏమన్నాడని అడిగితే, ఉన్నదున్నట్టు చెప్పాను. వాడు నవ్వుతాడనుకున్నాను. వడిసెల కింద పడేసి, మొహం మోకాళ్లలో దాచుకున్నాడు.

"మంచి గుడ్డనేరా" అన్నాడు. "మా అవ్వ రైక గూడ కుట్టిచ్చుకోక దాసిపెట్టింది."

ఆ పూట చాయ్ హోటల్లో మేమిద్దరమే కూర్చున్నాం. ఆ తరువాత ఏ జుమ్మాకూ మేం ముగ్గురం కాలేదు.